ఓబుల్ రెడ్డి మామకు నేను పోసిన నేలవేము

ఒక్క గ్లాసుతో ఒక పెద్దమనిషిని ఏడిపించి, నడుస్తున్న రాళ్ల ఫ్యాక్టరీని ఆపించి, మా నాయన జీవితమంతా దాచుకున్న గుట్టును బట్టబయలు చేసిన ఘనుణ్ణి నేను. ఇదంతా ఒకే పూట జరిగింది. అదీ మధ్యాహ్న భోజనానికి ముందే. కాబట్టి నా చేతి మహిమను తక్కువగా అంచనా వేయకండి.

ముందు నేను చేసే పనేమిటో చెప్పాలి. నేను బార్‌లో మందు కలుపుతాను. మా ఇంట్లో ఈ వాక్యాన్ని ఇంత సూటిగా ఎవరూ పలకరు. మాది కర్నూలు పాతబస్తీలో పైపులు, కుళాయిలు అమ్ముకునే శెట్ల ఇల్లు. కార్తీకమాసం వస్తే ఉల్లిపాయ కూడా మా గడప తొక్కదు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి బెంగళూరులో ఒక పెద్ద హోటల్ బార్‌లో చేరానని తెలిసిన రోజున మా అమ్మ రెండు పూటలు మాట్లాడలేదు. ఆ తర్వాత తేరుకుని, నేను జ్యూసుల సెక్షన్లో ఉన్నానని బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పింది. పెళ్లిళ్లలో ఎవరైనా నన్ను పట్టుకుని బత్తాయి మంచిదా, దానిమ్మ మంచిదా అని అడిగితే, నేను చాలా అనుభవం ఉన్నవాడిలా దానిమ్మే మంచిదని చెప్పేవాణ్ణి.

బెంగళూరులో నాకు పని నేర్పినాయన మంగళూరు మనిషి. ఆయన దగ్గర నేను నేర్చుకున్న అసలు విద్య తిప్పడం. మీరు సినిమాల్లో చూసే గిలక్కొట్టుడు కాదు. పండ్ల రసాలు, పాలూ ఉన్నవాటిని గిలక్కొడతారు. అంతా మందే అయినప్పుడు పెద్ద గాజు గ్లాసులో మంచుగడ్డలు వేసి, పొడుగు చెంచాతో చప్పుడు కాకుండా తిప్పుతారు. చెంచా వీపు గాజుకు ఆనుకుని జారుతూ ఉండాలి. మంచు కరిగి వచ్చే నీళ్లు కూడా లెక్కలోకే వస్తాయి. తక్కువ తిప్పితే గొంతు మండుతుంది, ఎక్కువ తిప్పితే కడిగిన నీళ్లలా ఉంటుంది.

ఈ తిప్పుడు విద్యలో కూడా అన్నిటికంటే కష్టమైనది పొగ విస్కీకి మూలికల మందును జత చేయడం. పొగ విస్కీ అంటే, ఎక్కడో చలిదేశంలో తడినేలల్లోంచి తవ్విన మట్టిపెళ్లలు కాల్చి, ఆ పొగ మీద బార్లీని ఆరబెట్టి చేసేది. మూలికల మందంటే ఆకులు, వేర్లు, పూలు సారాయిలో నానబెట్టి తీపి కలిపేది. ఈ రెండూ ఒకే పెళ్లికి వచ్చిన ఇద్దరు పెద్ద వియ్యంకుల్లాంటివి. ఒకరికి వేసిన కుర్చీ ఇంకొకరి కుర్చీకంటే కాస్త ఎత్తుగా ఉన్నా పెళ్లి ఆగిపోతుంది. ఇద్దరినీ సమంగా కూర్చోబెట్టడానికి మా గురువు చెప్పిన ఉపాయం ఒక్కటే. స్ట్రా ముంచి, పైన వేలు మూసి, ఆ చుక్కను నాలుక మీద వేసుకుని చూడాలి. అలా చూడకుండా ఏ గ్లాసూ నీ చేయి దాటకూడదని ఆయన నాకు రోజూ చెప్పేవాడు. నేను రోజూ తలూపేవాణ్ణి.

అలా తలూపుతూ కొన్నేళ్లు గడిచాక నాకు ఇంటిమీద బెంగ పుట్టింది. కర్నూలులోనే ఒక మంచి బార్ నడపాలని, నా ఊళ్లో నా చేత్తో నాలుగు గ్లాసులు తిప్పాలని కోరిక. నాయనకు ఫోన్‌లో చెప్పాను. ఆయన ముందు అంగట్లో ఒక కుళాయి బేరం ముగించాడు. చివరికి ఆయన, ఓబుల్ రెడ్డి సరేనంటే తనకు అభ్యంతరం లేదని, ఆయన కాదంటే మాత్రం నోరు మూసుకుని అంగట్లో కూర్చోవాలని తేల్చేశాడు.

ఓబుల్ రెడ్డి మామ మా నాయనకు చిన్ననాటి స్నేహితుడు. చుట్టరికం ఏమీ లేదు, అయినా నేను మామ అనే పిలుస్తాను. బేతంచెర్లలో ఆయనకు రాళ్లు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది. కర్నూలులో ఒక పాత బార్ కూడా ఉంది. తెరలు కట్టిన గదులు, ఉడికించిన శనక్కాయలు, మూలన తిరగని ఫ్యాను, ఆ రకం బార్. దాని మీది అంతస్తు ఖాళీగా పడి ఉండేది. అక్కడ కొత్తగా ఏదైనా పెట్టాలని ఆయనకూ ఉంది. ఊరి బయట ఆయనకొక తోట కూడా ఉండేది. ఆ తోటలో డ్రిప్పు పైపులు మహా పాడయ్యేవి. మా నాయన చాలా ఆదివారాలు వాటిని బాగుచేయడానికని వెళ్లి, చీకటిపడే వేళకు తమలపాకులు నములుతూ ఇల్లు చేరేవాడు. స్నేహితుడి పైపుల కోసం సెలవు రోజున కూడా అంత కష్టపడే మనిషిని చూసి నేను చిన్నప్పుడు గర్వపడేవాణ్ణి.

ఒప్పందం ఇదీ. నేను బేతంచెర్ల వెళ్లి మామకు ఒక గ్లాసు కలిపి ఇవ్వాలి. నచ్చితే మీది అంతస్తు నాది. నచ్చకపోతే అంగట్లో కూర్చుని, పైపుల మలుపులకు వేసే ముప్పావు ఇంచు ఎల్బోకూ ఇంచు ఎల్బోకూ తేడా చెబుతూ నా జీవితం వెళ్లిపోతుంది. ఎల్బోలంటే నాకు కోపం లేదు. కానీ వాటిని తలచుకున్నప్పుడల్లా నాకు కళ్లలో నీళ్లు తిరిగేవి.

ఇక నా తెలివితేటలు చూడండి. విదేశాల మూలికల మందు మా వైపు దొరకదు. అయితే ఏం, నల్లమల పక్కనే పెట్టుకుని నేను విదేశం వైపు చూడటమేమిటని నాకు పౌరుషం వచ్చింది. నన్నారి షర్బత్ చేసే సుగంధిపాల వేర్లు, అతిమధురం, తులసి, వాము, ఎండిన నారింజ తొక్క తెచ్చి వోడ్కాలో నానబెట్టి, పటికబెల్లం పాకం కలిపాను. చేదు లేకపోతే పెద్దరికం రాదని అహోబిలం దారిలో ఒక మూలికల దుకాణంలో నేలవేము కట్ట కూడా కొన్నాను. తెలియనివాళ్లకు చెబుతున్నాను, జ్వరానికి కషాయం కాచే మొక్క అది. వేపాకు దాని ముందు మిఠాయి.

కొన్ని రోజులకు రుచి చూశాను. నిజం చెబుతున్నాను, అద్భుతంగా ఉంది. మొదట నన్నారి వాసన, మధ్యలో తీపి, చివర సన్నటి చేదు. వడగట్టి మంచి సీసాలో పోశాను. పోసి ఊరుకుంటే ఈ కథ లేదు. సీసా అందంగా కనిపించాలని, వడగట్టిన నేలవేములోంచే రెండు నిండు కొమ్మలు ఏరి మళ్లీ లోపలికి దించాను. అద్దంలోంచి ఆకుపచ్చగా, అడవి మొత్తం సీసాలో దిగినట్టు ఉంది. నాలుగు ఫొటోలు తీసుకుని అటక మీద పెట్టాను.

అది ఎండాకాలం. కర్నూలు ఎండాకాలంలో అటక అంటే పొయ్యి మీద పెట్టినట్టే. రేకుల కింద ఆ సీసా వారాల తరబడి పగలంతా ఉడుకుతూ, ఆ కొమ్మల్లోని చేదంతా లోపలికి దిగుతూ ఉంది. నేను కింద గదిలో ఫ్యాను వేసుకుని నా బార్‌కు పేరు ఆలోచిస్తున్నాను.

ఒక ఆదివారం నాయన, నేను బేతంచెర్ల చేరేసరికి ఎండ మాడుతోంది. మామ మమ్మల్ని ఫ్యాక్టరీ పక్కనే ఉన్న ఆఫీసు గదిలో కూర్చోబెట్టాడు. నేల, గోడలు, బల్ల, చివరికి కిటికీ గట్టు కూడా పాలిష్ రాయే. పక్కన కోత మిషన్ల గోల. గదిలో ముగ్గురమే. ఆఫీసును ఆనుకునే ఉన్న లోపలింట్లో మామ వాళ్ల అమ్మ, నేను అవ్వ అని పిలిచే ఆమె, వంట పనులు చూస్తోంది. నేను మంచు డబ్బా, గాజు గ్లాసు, పొడుగు చెంచా, స్ట్రాలు బల్లమీద పరిచాను. మామ ఆ చెంచాను ఎత్తి ఎగాదిగా చూసి, దీంతో ఎవరి చెవిలో గుబిలి తీస్తావని అడిగాడు. నేను నవ్వి పొగ విస్కీ మూత తీశాను.

వాసన గదంతా కమ్ముకుంది. మామ ముక్కు ఎగబీల్చాడు. ఇంకోసారి ఎగబీల్చాడు. లేచి గభాలున కిటికీ దగ్గరికి పోయి ఫ్యాక్టరీ వైపు కేకేశాడు.

"ఎవర్రా ఆడ, మిషన్ ఆపండి ముందు. మోటార్ కాలతాండాది."

మిషన్లు ఆగిపోయాయి. మనుషులు పరుగెత్తి ఒక్కో మోటారునూ ముట్టుకుని చూశారు. ఒకతను వైరింగ్ పెట్టె తలుపు తీశాడు. ఇంకొకతను బకెట్‌లో ఇసుక తెచ్చాడు. నేను సీసా పట్టుకుని ఆయన వెనకాలే కిటికీ దగ్గరికి వెళ్లాను.

"మోటార్ కాదు మామా. విస్కీ."

మామ వెనక్కి తిరిగి నన్ను చూశాడు, సీసాను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. "దీన్ని దుడ్లిచ్చి కొనుక్కుంటారా అప్పా?"

కొనుక్కుంటారని, చాలా మంది దీనికోసం పడి చస్తారని చెప్పాను. పడి చస్తారనే మాట ఆ సమయంలో వాడకుండా ఉండాల్సింది. మామ నెమ్మదిగా వచ్చి కూర్చున్నాడు. మా నాయన మాత్రం కిటికీ గట్టు రాయిని వేలితో రాస్తూ కూర్చున్నాడు. మామ బయటివాళ్లకు మిషన్లు అప్పుడే వేయొద్దని, ఇక్కడి పని తేలాక చూద్దామని చెప్పాడు. దాంతో ఇందాకటి గోలంతా పోయి, గదిలో నా మంచుగడ్డలు కరుగుతున్న శబ్దం కూడా వినపడేంత నిశ్శబ్దం వచ్చింది.

నాకు కంగారు పుట్టింది. వాసనకే ఇలా అయితే రుచికి ఏమవుతుందో. అప్పుడు నాకు ఒక మహత్తరమైన ఆలోచన తట్టింది. పొగను అణచాలంటే మూలికలు పెంచాలి. మామూలుగా విస్కీలో నాలుగో వంతు కూడా వేయని మూలికల మందును విస్కీతో సమానంగా పోశాను. ఇంకా భయంగా ఉండి ఇంకాస్త పోశాను. ఇక తిప్పడం మొదలుపెట్టాను. ఆ ఎండకు మంచు తొందరగా కరుగుతోంది, నా చేయి తొందరపడకుండా చూసుకుంటున్నాను. అంతవరకూ బాగానే ఉంది. స్ట్రా చేతిలోకి తీసుకున్నాను.

అక్కడ ఆగిపోయాను.

ఎదురుగా మా నాయన కూర్చుని ఉన్నాడు.

మా వైపు మగపిల్లలకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. నాయన ముందు సిగరెట్ వెలిగించడం, మందు ముట్టడం ఉండదు. అలాంటి పని చేసినవాడి గురించి ఊళ్లో చాలా కాలం చెప్పుకుంటారు. నేను మందు కలిపే పని చేస్తానని ఆయనకు తెలుసు. ఆ పనికి నన్ను తీసుకొచ్చిందే ఆయన. అయినా ఆయన చూస్తుండగా ఆ చుక్క నా నాలుక మీద పడటమన్నది మాత్రం జరగని పని. స్ట్రా పట్టుకున్న నా చేయి గాల్లోనే ఉంది. నాయన కళ్లు ఆ స్ట్రా మీదే ఉన్నాయి. నేను దాన్ని మెల్లగా దించి, దానితో బల్లమీద లేని దుమ్మును ఇటునుంచి అటు తోశాను.

తలుపు చాటుకు పోయి చూద్దామని, చేతులు కడుక్కుని వస్తానంటూ గ్లాసుతో సహా లేచాను.

"యాడికి పోతాండావు గ్లాసు ఎత్తుకోని?" అన్నాడు మామ. "ఈడే చెయ్యి. నేను చూడల్ల."

కూర్చున్నాను. కిటికీ వైపు తిరిగి చూద్దామా అనుకుంటే, అక్కడ ఇసుక బకెట్ మనిషి లోపలికి తొంగి చూస్తున్నాడు. ఇక లాభం లేదు. ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, రుచి చూడకపోతే ఏమైందిలే అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. సీసాను వారాల కిందట చూశాను కదా, బాగుంది కదా, సీసాలో ఉన్నది ఎక్కడికి పోతుందని అనుకున్నాను. అది ఎక్కడికీ పోలేదు. ఉన్నచోటే ఉండి పగబట్టింది.

చిన్న గాజు గ్లాసులోకి వంచి మామ ముందు పెట్టాను. మామ దానిని చూసి నా వంక జాలిగా చూశాడు.

"ఇంతేనా? శెట్టి కొడుకువని తెలుసు గానీ, మరీ ఇంత కొలతా అబ్బీ?"

ఇది కొద్దికొద్దిగా చప్పరించేదని, ఇంతే పోస్తారని చెప్పబోయాను. మా నాయన ముఖం కందిపోయింది. ఎదుటి మనిషికి అంచుదాకా పోయకపోతే మా వైపు అది మర్యాద కాదు. పైగా శెట్టి అనే మాట కూడా పడింది. పోయమన్నట్టు నాయన కళ్లతో సైగ చేశాడు. నేను ఇంకొక రెండు గ్లాసులకు సరిపడా కలిపి తిప్పి, మామ తెప్పించిన స్టీలు గ్లాసులో అంతా పోశాను. అప్పుడు కూడా రుచి చూడలేదు.

ఇక్కడ మామ గురించి ఒక ముఖ్యమైన విషయం మీకు చెప్పలేదు. అప్పుడు నాకూ తెలియదు. ఆయన ఏదీ కరిచి తాగడు. నీళ్లయినా, మజ్జిగయినా, మందయినా, ఎంగిలి కాకుండా గ్లాసు పైకెత్తి నోట్లోకి ధారగా పోసుకోవడమే. అవ్వ పెంపకం అది. నేను చెప్పే లోపే ఆయన తల వెనక్కి వాల్చి, గ్లాసు ఎత్తి, దిగుమతి మొదలుపెట్టాడు. పెదవికి తగలని మందు నాలుకకు సంగతి తెలిసేలోపే గొంతు దాటిపోయింది. సగం గ్లాసు పోయాక నాలుకకు తెలిసింది.

మామ గ్లాసు దించాడు. బల్లమీద పెట్టాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని ఎదురుగోడను చూస్తూ ఉండిపోయాడు. ఆ గోడ ఆయన సొంత రాయి, ఆయనకు ఇష్టమైన రాయి. దానిని కూడా పగవాణ్ణి చూసినట్టు చూశాడు. తర్వాత ఆయన కళ్లలోంచి నీళ్లు కారడం మొదలైంది. ఏడుపు కాదు, శబ్దం లేదు. మనిషి రాయిలా కూర్చుని ఉన్నాడు, నీళ్లు మాత్రం మీసాల మీదుగా కారుతున్నాయి. నోట్లో మిగిలిన గుక్కను ఉమ్మేద్దామంటే ఎదురుగా అతిథులు. మింగుదామంటే ఆ నోరు మింగనివ్వదు.

నాయన లేచి నిలబడ్డాడు. నేను నిలబడ్డానో కూర్చున్నానో నాకు గుర్తు లేదు. నా కళ్లముందు ముప్పావు ఇంచు ఎల్బోలు వరుసగా నిలబడి నన్ను రమ్మని పిలుస్తున్నాయి.

లోపలినుంచి అవ్వ వచ్చి కొడుకు ముఖం చూసింది. గ్లాసు ఎత్తి వాసన చూసింది. ఎవరికి జ్వరమని మాత్రం అడిగి, బెల్లం ముక్క తెచ్చి ఆయన నోట్లో పెట్టి, ఒక చెంబు మజ్జిగ పక్కన పెట్టి వెళ్లిపోయింది. మామ ఆ బెల్లాన్ని బుగ్గన పెట్టుకుని, మజ్జిగ ఎత్తిపోసుకుని, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాక మొదటిసారి నోరు విప్పాడు.

"సుబ్బయ్యా," అన్నాడు మా నాయనతో, చాలా మెత్తగా. "నీ కొడుకుకు నా మీద ఏమన్నా పగ ఉండాదా?"

నాయన లేదన్నాడు. మామ నావైపు తిరిగాడు.

"నువ్వు రుచి సూసినావా అబ్బీ?"

"లేదు మామా."

"ఎందుకు సూళ్లేదు?"

"నాయన ఉండాడు గదా మామా ముందర."

మామ నన్ను చూశాడు. ఆ చూపులో బార్ మీది అంతస్తు మెట్లు ఒక్కొక్కటే కూలిపోతున్నట్టు నాకు అనిపించింది. తర్వాత ఆయన పొట్ట కదలడం మొదలైంది. అది నవ్వని తెలియడానికి కొంత సమయం పట్టింది.

"నీ గౌరవం నీకుండాది. మీ నాయన మర్యాద మీ నాయనకుండాది. మద్దిలో పోయింది నా నోరప్పా," అన్నాడు. "రుచి సూడకుండా పెట్టేదానికి ఇది నైవేద్యమా? నేను ఓబుల్ రెడ్డిని. అహోబిలం కొండమీద ఓబులేసుణ్ణి కాదు."

అని స్టీలు గ్లాసు నా వైపు తోశాడు. తాగమన్నాడు. నేను నాయనను చూశాను. నాయన గోడను చూశాడు. ఇక దారి లేక, జీవితంలో మొదటిసారి మా నాయన కూర్చున్న గదిలో ఒక గుక్క తాగాను.

దాన్ని ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియదు. మొదట నోట్లో టైరు కాలింది. ఆ మంట ఆరకముందే ప్రపంచంలోని జ్వరాలన్నిటికీ కాచిన కషాయం ఒకేసారి వచ్చి పడింది. అది వచ్చి పోయేది కాదు, చాప వేసుకుని పడుకునేది. చెవులు కూడా చేదెక్కాయి. అప్పుడు గుర్తొచ్చాయి నాకు అటక, ఎండ, అందం కోసం దించిన ఆ కొమ్మలు. పొగను అణచడానికని నేనే దానిని రెట్టింపు చేశానన్న సంగతి కూడా గుర్తొచ్చింది. నిజంగా సిగ్గనిపించింది. మా గురువు అంతకాలం చెప్పిన ఒక్క మాటను నేను సరిగ్గా అవసరమైన పూటనే పక్కన పెట్టాను.

మామకు ఇంకా తృప్తి కలగలేదు. గ్లాసు తీసుకుని నాయన ముందు పెట్టాడు. నాయన ఉలిక్కిపడ్డాడు. తనకు అలవాటు లేదని, శుద్ధమైన మనిషినని, ఏనాడూ ముట్టలేదని చెప్పాడు. కొడుకు చేసిన దానిలో తండ్రికి వాటా ఉంటుందని మామ పట్టుబట్టాడు. చివరికి నాయన, విషం పుచ్చుకునే మనిషిలా గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

తీసుకుని, ఉంగరం వేలు మందులో ముంచి, నేల మీద మూడు చుక్కలు చిలకరించాడు.

మీరు మందు బల్లల దగ్గర కూర్చున్నవాళ్లయితే ఆ వేలు సంగతి మీకు తెలుసు. మొదటి గుక్కకు ముందు భూమికి ఇచ్చే వాటా అది. అలవాటు లేని మనిషి వేలు అంత చక్కగా మునగదు, చుక్కలు అంత వరుసగా పడవు. ఏళ్ల తరబడి సాధన చేసిన వేలు అది. నాయన తన వేలి వంక తానే నమ్మలేనట్టు చూసుకున్నాడు.

"ఇది... అన్నానికి ముందర నీళ్లు సల్లే అలవాటు," అన్నాడు.

"అవును," అన్నాడు మామ. "మా తోటలో ప్రతి ఆదివారం ఆ అలవాటే."

డ్రిప్పు పైపులు. నా చిన్నతనమంతా ఒక్కసారి కళ్లముందు తిరిగింది. ఏ మొక్కలకూ పట్టని తడి ఎక్కడికి పోయిందో తెలిసింది. నాకు నవ్వు ఆగలేదు. నాయన నన్ను కోపంగా చూద్దామని ప్రయత్నించాడు, చేతిలో గ్లాసు ఉండగా కోపం కుదరలేదు. ఒక గుక్క తాగి, ముఖం చిట్లించి, ఇంత చేదైతే పైపులు బాగుచేసే ఏ మనిషీ తాగడని తీర్పు చెప్పాడు. అప్పుడు ముగ్గురం నవ్వాం. కిటికీలో ఇసుక బకెట్ మనిషి కూడా నవ్వాడు.

నవ్వు తగ్గాక నేను మామను ఒక్క అవకాశం అడిగాను. ఆ సీసా జోలికి చుక్కలకు మించి పోనని, ఇంకొక గ్లాసు కలుపుతానని, అది కూడా బాగలేకపోతే తిన్నగా అంగట్లోకి పోయి కూర్చుంటానని చెప్పాను. మామ బెల్లం చప్పరిస్తూ తలూపాడు.

ఈసారి తొందరపడలేదు. పొగ విస్కీని ముందు పోసి, చేదు సీసాలోంచి చుక్కలు మాత్రం రాల్చాను. తీపికి అవ్వ వంటింట్లో ఉన్న నన్నారి షర్బత్ అడిగి కాస్త పోశాను. నారింజ తొక్కను గ్లాసు మీద చిదిమి దాని నూనె చిమ్మించాను. తిప్పుతూ, ఆపుతూ, ప్రతిసారీ స్ట్రా ముంచి నాయన ఎదురుగానే రుచి చూశాను. ప్రతిసారీ ఆయన సరిగ్గా అదే క్షణంలో కిటికీ బయట ఏదో చూడాల్సి వచ్చింది. పొగ ఎక్కువైనప్పుడు నన్నారి పెంచాను, నన్నారి మీరినప్పుడు మళ్లీ చెంచా తిప్పాను. చివరికి వియ్యంకులిద్దరూ ఒకే ఎత్తు కుర్చీల్లో కూర్చున్నారని నాలుకకు తెలిసింది.

"మామా, ఎత్తిపోసుకోవద్దు," అన్నాను. "ఈ ఒక్కసారికి కరిచి తాగు."

మామ లోపలింటి వైపు ఒకసారి చూసి, అవ్వ చూడటం లేదని ఖాయం చేసుకుని, గ్లాసు అంచును పెదవులకు ఆనించాడు. కొంచెం చప్పరించాడు. కళ్లు మూసుకున్నాడు. ఆయన ఇంకొంచెం చప్పరించాడు. నాలుగో చప్పరింతకు కళ్లు తెరిచి కిటికీలోంచి బయటికి కేకేశాడు.

"మిషన్ వెయ్యండ్రా. మోటార్ బాగుండాది."

అదే నాకు ఇచ్చిన అనుమతి. మీది అంతస్తు ఇచ్చాడు. ఒక్క షరతు మాత్రం పెట్టాడు. వారానికొకసారి మా నాయన కూడా అక్కడికి వచ్చి కూర్చోవాలి, ఎందుకంటే తోటలో పైపులు ఇక పాడవ్వవని, ఈ వయసులో అంత దూరం వెళ్లి బాగుచేయడం కష్టమని.

బార్ పెట్టి కొంతకాలమైంది. బాగానే నడుస్తోంది. ఆదివారం సాయంత్రాలు నాయన వస్తాడు. వచ్చి గోడ వైపు తిరిగి కూర్చుంటాడు. నేను ఫ్రిజ్ వైపు తిరిగి స్ట్రాతో రుచి చూసి, గ్లాసు వెనక్కి అందిస్తాను. ఆయన వెనక్కి తిరగకుండానే అందుకుంటాడు, వేలు ముంచి చుక్కలు చిలకరిస్తాడు. మా ఇద్దరి మధ్య కూర్చుని మామ గ్లాసు కరిచి తాగుతుంటాడు. ఒకరికొకరు వీపు పెట్టుకుని ఇన్ని కబుర్లు చెప్పుకుంటామని నేను ఏనాడూ అనుకోలేదు. మా అమ్మ బంధువులకు కొత్త మాట చెబుతోందట, కొడుకు సొంతంగా జ్యూసుల సెంటరు పెట్టుకున్నాడని, వాళ్ల నాయన అక్కడ పైపులు చూసుకుంటున్నాడని.

ఆ చేదు సీసాను మామ పారేయనివ్వలేదు. కౌంటర్ వెనక అందరికీ కనిపించే ఎత్తులో కొమ్మలతో సహా నిలబెట్టించాడు. ఎవరైనా తాగి గొంతు పెంచితే, మామ తల తిప్పకుండానే "అబ్బీ, ఆ సీసా దించు" అంటాడు. ఆ కథ తెలిసినవాళ్లు అంతటితో సర్దుకుంటారు.

అందుకని అహోబిలం కొండమీది నరసింహస్వామి సాక్షిగా, కర్నూలు ప్రజలందరి ఎదుట, ఈ పొడుగు చెంచా పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఈ చేత్తో తిప్పిన గ్లాసును రుచి చూడకుండా ఇక ఏ నరమానవుడి ముందూ పెట్టను. ఎదురుగా నాయన ఉన్నా సరే, గోడమీద తాత ఫొటో ఉన్నా సరే. ఈ మాట తప్పిన రోజున ఆ సీసా దించి, తల వెనక్కి వాల్చి, మిగిలిందంతా ఎంగిలి కాకుండా నేనే ఎత్తిపోసుకుంటాను. కొమ్మలు ఇంకా లోపలే ఉన్నాయి.